యాభై దాటాక నీళ్ళలో పిల్లిమొగ్గ

మెడలో విజిల్ వేసుకుని కొత్తగా ఈతకొలను గట్టు మీద నిలబడుతున్న పిల్లలూ, ఇది మీకోసం రాస్తున్నాను. మీలో చాలామందికి పతకాలున్నాయి, సర్టిఫికెట్లు గోడ నిండా ఉన్నాయి. నాకు పతకం ఒక్కటీ లేదు, ఉన్న సర్టిఫికెట్టు కూడా ఒక్కటే. ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో చెబుతాను. ముసల్ది గొప్పలు పోతోంది అనుకుంటే అనుకోండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గొప్పలు చెప్పుకునే తీరిక దొరకలేదు. రిటైరయ్యాక కూడా చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాను.

మా కొలను అబిడ్స్‌కీ నాంపల్లి స్టేషన్‌కీ మధ్య ఒక సందులో ఉంది. పాత క్లబ్బు. గాలి ఇటు తిరిగితే స్టేషన్లో రైళ్ళ అనౌన్స్‌మెంట్లు వినిపిస్తాయి, అటు తిరిగితే బేకరీలో బిస్కెట్ల వాసన వస్తుంది. ఈత కొట్టి బయటికొచ్చిన మనిషికి ఎంత ఆకలేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ బేకరీ ఆయన మా పుణ్యానే ఇంకో అంతస్తు లేపాడని మేం అనుకునేవాళ్ళం.

నేను అక్కడ చేరింది ఈత నేర్పడానికి కాదు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది చూసుకోవడానికి. తాళాలివ్వడం, తడి నేల తుడిపించడం, తలకి కొబ్బరినూనె పట్టించుకొచ్చిన వాళ్ళని గుమ్మంలోనే ఆపి షవర్ కిందకు తోలడం, ఇదీ నా పని. నూనె తలతో దిగితే నీళ్ళ మీద తెట్టు కడుతుందని ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు కారు. ఓ మధ్యాహ్నం ఒకమ్మాయి లోతు వైపు జారి మునిగిపోతుంటే కట్టుకున్న చీరతోనే దూకి బయటికి లాగాను. ఈవిడకి ఈత వచ్చా అని అందరూ నోరు తెరిచారు. వచ్చు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే రెండు గంటల ఆడవాళ్ళ బ్యాచ్ నా చేతికొచ్చింది.

నాకు ఈత ఎక్కడ వచ్చిందంటే కాలవలో. మా తాత రాష్ట్రం ఏర్పడిన కొత్తలో గుమస్తా ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్లో స్థిరపడ్డాడు. మేం పుట్టి పెరిగింది ఇక్కడే గానీ, ఎండాకాలం సెలవులకి మాత్రం అమ్మమ్మ ఊరు వెళ్ళేవాళ్ళం. అక్కడ కాలవలో దిగితే ఇంక సాయంత్రం దాకా ఎక్కేది లేదు. అమ్మమ్మ గట్టు మీద కూర్చుని ఒకటే మాట అరిచేది. "తల ఎత్తండే, తల ఎత్తండి." బురద నీళ్ళు కదా, తల కనబడకపోతే ఆవిడకి పిల్ల ఉందో పోయిందో తెలియదు. అందుకని మేం ఎంత దూరం ఈదినా తల పైకే పెట్టుకుని ఈదేవాళ్ళం. ఇంకో సంగతి, కాలవకి గోడ ఉండదు. గోడ దాకా వెళ్ళి వెనక్కి మళ్ళే పని మాకు ఎప్పుడూ పడలేదు. నా ఈతలో ఉన్న లోపం అంతా ఈ రెండు ముక్కల్లో ఉంది.

మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా కొలను ఆడవాళ్ళది. గేటు మూసేస్తారు. మోటారు చూసే ఆయన కూడా బయట స్టూలు వేసుకుని అటు తిరిగి కూర్చుంటాడు. ఆ గంటలో వచ్చేవాళ్ళలో సగం మంది, అక్కడ మగవాళ్ళుండరు అనే ఒక్క మాట మీద ఇంట్లో ఒప్పించి వచ్చినవాళ్ళే. వాళ్ళలో ఇద్దరి గురించి మీకు చెప్పాలి. ఒకావిడది ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇల్లు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, అందరం పెద్దమ్మా అనేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులకు ఈత మంచిదని దవాఖానాలో డాక్టరు చెబితే వచ్చింది. మెడ దాకా నీళ్ళలో నిలబడి ఊరంతటినీ తిట్టేది గానీ, తల మాత్రం తడవనిచ్చేది కాదు. ఇంకొకావిడ గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగి. లంచ్ టైమంతా మా నీళ్ళలో గడిపి, లంచ్ డబ్బా తిరిగెళ్ళేటప్పుడు ఆటోలో తినేది. ఒకరోజు మీటింగులో ఉండగా తన జుట్టులోంచి నీళ్ళు ఫైలు మీద కారాయని చెప్పి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

ఇలా నడుస్తుండగా క్లబ్బు కమిటీకి కొత్త సెక్రటరీ వచ్చాడు. చెడ్డవాడని అనను. పోటీల పిచ్చి ఉన్నవాడు, మా కొలను నుంచి కుర్రాళ్ళు పోటీలకి వెళ్ళి గెలవాలని ఆయన కోరిక. వచ్చీ రాగానే ఈత నేర్పేవాళ్ళందరూ పరీక్ష పాసవ్వాలని రూలు పెట్టాడు. ఆగకుండా దూరం ఈదాలి, మునిగిపోతున్న మనిషిని ఒడ్డుకు లాక్కు రావాలి, నీళ్ళలో ముందుకు పల్టీ కొట్టాలి. మొదటి రెండూ నాకు నల్లేరు మీద నడకే. మూడోది వినగానే గుండెల్లో రాయి పడింది.

అదేమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. పోటీల్లో ఈదేవాళ్ళు గోడ దగ్గరికి రాగానే నీళ్ళలోనే పిల్లిమొగ్గ వేసి, కాళ్ళతో గోడని తన్ని వెనక్కి మళ్ళుతారు. పరీక్షలో గోడ కూడా అక్కర్లేదు. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, మునిగి, ముందుకు ఒక పూర్తి చుట్టు తిరిగి, ఎటు చూస్తూ మునిగామో అటే చూస్తూ లేచి నిలబడాలి. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూశారా. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

సెక్రటరీ గదిలోకి వెళ్ళి అడిగాను. "నేను ఫెయిలైతే ఆడవాళ్ళ గంట సంగతేంటి సార్?"

"మేడమ్, పర్సనల్‌గా తీసుకోకండి. రూల్ అందరికీ ఒకటే. లేడీ కోచ్ లేకుండా లేడీస్ అవర్ ఎట్లా నడుస్తది? వాళ్ళని సాయంత్రం జనరల్ బ్యాచ్‌లో కలిపేద్దాం, మధ్యాహ్నం కుర్రాళ్ళ ప్రాక్టీస్‌కు ఇద్దాం. మీరు మళ్ళీ డ్రెస్సింగ్ రూమ్ చూసుకోవచ్చు. మీ జీతంలో ఏం తేడా రాదు."

ఆ చివరి మాట నన్ను ఓదార్చడానికే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. జీతం గురించి నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం బ్యాచ్‌లో అందరికీ చెప్పాను.

"సాయంత్రం మొగోళ్ళతోనా?" అంది పెద్దమ్మ. "మా ఇంట్ల అడుగుడు కూడా దండగ. ఇయ్యాల్టితోని అయిపోయినట్టే."

"నేనూ రాలేనండీ," అంది బ్యాంకావిడ. "సాయంత్రం ఇంటికెళ్ళి వంట చేసుకోవాలి. రోజు మొత్తంలో నాకంటూ ఉన్నది ఈ గంటేనండీ."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "గా పల్టీ ఏందో నువ్వే కొట్టాలె మేడమ్. మేమేమన్న కొడ్తమా? జర మనసు పెట్టి కొట్టు."

నేర్పేవాడు ఒక్కడే ఉన్నాడు. మా కొలనులో కుర్రాళ్ళకి నేర్పే కోచ్, నలభై ఏళ్ళవాడు, నాంపల్లిలో పుట్టి పెరిగినవాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. కానీ నేను ఫెయిలైతే ఆ గంట దక్కేది అతనికే. అందుకని అడగడానికి మొహం చెల్లలేదు. మర్నాడు పన్నెండింటికి, బ్యాచ్‌లు లేక కొలను ఖాళీగా ఉన్నప్పుడు, అతనే వచ్చి డ్రెస్సింగ్ రూమ్ బయట నిలబడ్డాడు.

"అక్కా, దిగు. నేర్పిస్త."

"నీకెందుకు తమ్ముడూ ఈ శ్రమ? నేను తప్పితే ఆ గంట నీదే కదా."

"ఔ, నాదే. నా పోరగాళ్ళకు గా గంట కావాలె, అబద్ధం ఎందుకు చెప్త. గని నువ్వు మునిగితే వచ్చే గంట నాకొద్దు. నువ్వు పాసయినంక కమిటీతోని కొట్లాడి ఇంకో గంట తీస్కుంట. నువ్వైతే దిగు."

మాట బాగానే ఉంది. అయినా మనసులో ఓ మూల అనుమానం ఉండనే ఉంది, నిజం చెప్పాలి కదా.

దిగాను. అతను గట్టు మీద గొంతుక్కూర్చుని చెప్పాడు. "గాలి పీల్చు. గడ్డం ఛాతికి ఆనియ్యి. మోకాళ్ళు కడుపులకు తీస్కో. ముక్కుల నుంచి మెల్లగ గాలి ఇడుస్తనే ఉండు, మ్మ్ అనుకుంట. ఆపినవా, నీళ్ళు నెత్తికెక్కుతయ్."

నేను ఈత బట్టల మీద మోకాళ్ళ దాకా వదులు కుర్తా వేసుకునేదాన్ని. మా బ్యాచ్‌లో దాదాపు అందరిదీ అదే వేషం. నీళ్ళలో ఇన్నేళ్ళూ దాని గురించి ఆలోచించే అవసరమే రాలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళూ తల పైనే ఉంది. ఆ రోజు తల కిందికీ కాళ్ళు పైకీ వెళ్ళేసరికి కుర్తా మొత్తం తిరగబడి తలకి చుట్టుకుంది. చేతులు అందులోనే ఇరుక్కున్నాయి. గోనెసంచిలో పడ్డ పిల్లిలా నీళ్ళలో కొట్టుకున్నాను. ముక్కులోకి నీళ్ళు పోయి కళ్ళ వెనక భగ్గుమంది. అతను దూకి లేపి నిలబెట్టాడు. నేను దగ్గుతుంటే మొహం పక్కకి తిప్పుకుని, "అక్కా, గా బట్టల సంగతి మీ ఆడోళ్ళే చూస్కోన్రి, నాకు సమజ్ కాదు," అని గబగబా వెళ్ళి గేటు దగ్గర మోటారు ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

రెండు గంటలకి డ్రెస్సింగ్ రూమ్‌లో పంచాయితీ పెట్టాం. ఒంటికి అంటుకునే ఈత బట్టలు కొనుక్కోమంది బ్యాంకావిడ. పరీక్ష పెట్టే మనిషి ముందు, సెక్రటరీ ముందు, ఈ వయసులో నేను అలా నిలబడలేను అన్నాను. ఇది సిగ్గో మూర్ఖత్వమో మీరు తేల్చుకోండి, నాకైతే సిగ్గే. అప్పుడు పెద్దమ్మ లేచి, "ఇటు తిరుగు మేడమ్," అని నన్ను వెనక్కి తిప్పింది. కుర్తా వెనక భాగం కాళ్ళ మధ్యలోంచి ముందుకు లాగి, ముందు భాగంతో కలిపి మెలిపెట్టి నడుం దగ్గర గట్టిగా దోపింది.

"మా అవ్వ చీరను గిట్లనే గోచి పెట్టి నాట్లేస్తుండె. వాన కొట్టినా చెదరకపోతుండె. నీ నీళ్ళెంత?"

అద్దంలో చూసుకుంటే కుస్తీకి బయల్దేరిన మనిషిలా ఉన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. కానీ ఆ గోచి ఆ తర్వాత ఒక్కసారి కూడా ఊడలేదు.

బట్టల గొడవ తీరాక అసలు గొడవ మొదలైంది. మునిగేదాన్ని, గడ్డం దించేదాన్ని, సగం చుట్టు తిరిగేదాన్ని. సరిగ్గా అక్కడ తల దానంతటదే పైకి లేచేది. అంతే, తిరగడం ఆగిపోయి వెల్లకిలా పడేదాన్ని, లేదా పక్కకి ఒరిగి ఎటో చూస్తూ లేచేదాన్ని. ఒకసారి లేచి నిలబడి ఎదురుగా ఉన్న గోడకి ఎలా ఉంది తమ్ముడూ అన్నాను. అతను నా వెనక ఉన్నాడు.

"గడ్డం ఇడుస్తున్నవ్ అక్కా."

"వదలట్లేదు తమ్ముడూ."

"ఇడుస్తున్నవ్. నేను పైనుంచి చూస్తలేనా?"

ఎన్నిసార్లు చేసినా ఇదే మాట. నీళ్ళు చెవుల్లోకి రాగానే అమ్మమ్మ గొంతు వినిపించేది, తల ఎత్తవే అని. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో. మెడకి మాత్రం ఆ సంగతి తెలియదు. ఓ రోజు అతనికీ ఓపిక నశించింది. "గింత చిన్న పని అక్కా. నా బ్యాచ్‌ల ఆరేండ్ల పోరగాడు కొడ్తడు," అన్నాడు.

"ఆరేళ్ళవాడికి తల ఎత్తమని చెప్పిన అమ్మమ్మ ఉండి ఉండదులే," అని విసురుగా గట్టెక్కి వచ్చేశాను. పరీక్ష దగ్గరపడుతోంది. ఆ రోజు బ్యాచ్‌లో ఎవరి మొహంలోకీ సూటిగా చూడలేకపోయాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, మేడ మీద ఆరిన చీరలు తీసి మడతపెడుతున్నాను. మనసంతా కొలనులోనే ఉంది. ఒక్కళ్ళమే ఉన్నప్పుడు చీర ఎలా మడతపెడతామో చూసే ఉంటారు. సగానికి మడిచి, అంచు గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ కిందికి జార్చుకుంటూ వెళ్తాం. నేను అలా పట్టుకుని ఉండగా కింద నుంచి మా ఆయన, "ఏమోయ్, టీ పెట్టనా?" అని అరిచాడు.

"ఊఁ," అన్నాను.

"అల్లం వెయ్యనా?"

"ఊఁ."

"మాట్లాడవేం, నోట్లో ఏముంది?"

నోట్లో ఏమీ లేదు. గడ్డం కింద చీర ఉంది. నోరు తెరిస్తే గడ్డం లేస్తుంది, గడ్డం లేస్తే అంచు జారుతుంది, కష్టపడి సరిచేసిన మడత కాస్తా నేల మీద పడుతుంది. అందుకే ముక్కుతోనే ఊఁ అంటున్నాను. ఆ మాట తట్టగానే చీర అలాగే పట్టుకుని నిలబడిపోయాను. గడ్డం ఛాతీకి ఆనించి, నోరు మూసుకుని, ముక్కుతో గాలి వదులుతూ. తమ్ముడు ఇన్నాళ్ళుగా గొంతు చించుకుని చెబుతున్నది ఇదే. ఊహ తెలిసిన దగ్గర్నుంచి రోజూ చేస్తున్న పనే. టీ చల్లారిపోయిందని మా ఆయన రెండుసార్లు పిలిచాడు. నేను దిగలేదు. అక్కడే మేడ మీద వంగుతూ, మోకాళ్ళు మడుస్తూ, ఊఁ అంటూ కూర్చున్నాను. పక్కింటివాళ్ళు చూసి ఉంటే ఏమనుకునేవాళ్ళో నాకు తెలియదు.

మర్నాడు ఒక పాత నూలు చీర అంచు జానెడు ముక్క చింపి, నాలుగు మడతలు పెట్టి పట్టుకెళ్ళాను. నీళ్ళలో దిగి దాన్ని గడ్డం కింద నొక్కిపెట్టాను. గుడ్డ జారకూడదు, అదొక్కటే మనసులో పెట్టుకున్నాను. మునిగాను. అమ్మమ్మ పిలిచింది. పిలిస్తే పిలిచావులే, చీర మడత పెడుతున్నాను అనుకున్నాను. పాదాలు ఒక్కసారిగా అడుగున నేలకి తగిలాయి. లేచి చూస్తే తమ్ముడు సరిగ్గా నా ఎదురుగా ఉన్నాడు.

"మళ్ళ కొట్టు," అన్నాడు. కొట్టాను. "మళ్ళ," అన్నాడు. మళ్ళీ కొట్టాను. అప్పుడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, అతను అసలు నీళ్ళలో దిగనే లేదు. అప్పుడు పోయింది నా అనుమానం. "అక్కా, గా గుడ్డ ఏంది?" అని అడిగాడు. చెప్పాను. ఇంట్లో తల్లీ పెళ్ళామూ మడతపెడుతుంటే రోజూ చూస్తాడట, ఎప్పుడూ ఒక్క చీర పట్టుకున్న పాపాన పోలేదట.

"ఇన్నేండ్లు నేర్పిస్తున్న, గిది నాకెవ్వరు చెప్పలె," అన్నాడు.

బ్యాచ్‌లో ఈ కథ చెప్పగానే ప్రతి ఒక్కరూ చున్నీ అంచు గడ్డం కింద పెట్టుకుని ఊఁ అనడం మొదలుపెట్టారు. కానీ ఒక చిక్కుంది. పరీక్షలో చేతిలోగానీ ఒంటి మీదగానీ వేరే వస్తువేదీ ఉండకూడదు. గుడ్డ లేకుండా చేస్తే నాకు ఒకసారి వచ్చేది, ఒకసారి తప్పేది. పరీక్ష రోజు దాకా అలాగే ఉంది వ్యవహారం.

పరీక్ష పెట్టడానికి బయటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తక్కువ మాటల మనిషి. మధ్యాహ్నం రెండింటికే పెట్టారు. మా బ్యాచ్ అంతా వచ్చింది గానీ, ఆ రోజు ఎవరూ నీళ్ళలో దిగకూడదు అన్నారు. మామూలు బట్టల్లో గట్టు పక్క రెయిలింగు పట్టుకుని వరసగా నిలబడ్డారు. "ఎవరూ మాట్లాడొద్దు మేడమ్, డిస్టర్బ్ అవుతది," అని సెక్రటరీ వాళ్ళకి ముందే చెప్పాడు.

దూరం ఈదడం అయిపోయింది. తర్వాత మునిగే మనిషిగా తమ్ముడిని దింపారు. నిజంగా మునిగేవాడు కూడా అంత బరువుండడు, ఒళ్ళంతా వదిలేసి కొయ్యదుంగలా తేలాడు. మెడ కింద చెయ్యేసి లాక్కొస్తుంటే కళ్ళు మూసుకునే, "జర మెల్లగ అక్కా, చెవు గుంజుతున్నవ్," అని గొణిగాడు. ఆ మునిగిన మనిషి మాటలు పెద్దమనిషికి వినబడలేదు, నా అదృష్టం.

ఇక పల్టీ. రెండు అవకాశాలిచ్చారు. గోచి ఒకసారి బిగించుకుని ఛాతీ లోతులో నిలబడ్డాను. గాలి పీల్చి మునిగాను. సగంలో తెలిసిపోయింది, మెడ లేచేస్తోందని. ఆపలేకపోయాను. పక్కకి ఒరిగి, స్టేషన్ వైపు గోడని చూస్తూ లేచాను. ముక్కు భగభగ మండింది. పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. సెక్రటరీ వాచీ చూసుకున్నాడు. బహుశా ఆయనకి వేరే పనేదో ఉండి ఉంటుంది, కానీ నా కంటికి ఆ గంట అప్పుడే కుర్రాళ్ళకి ఇచ్చేసినట్టు కనబడింది. నా తర్వాత ఈ ఆడవాళ్ళు మధ్యాహ్నం రెండింటికి ఎక్కడికి వెళ్తారు అనే ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

రెయిలింగు వైపు చూశాను. చూడకూడదనే అనుకున్నాను, చూశాను.

పెద్దమ్మ పైటకొంగు అంచు రెండు చేతులతో తీసి, గడ్డం కింద పెట్టి నొక్కుకుంది. కళ్ళు నా మీదే ఉన్నాయి. పక్కనున్న బ్యాంకావిడ ఆవిడని చూసి తన చున్నీ అంచు అలాగే పెట్టుకుంది. తర్వాత ఆ పక్కనున్నామె, ఆ పక్కనున్నామె. రెయిలింగు పొడవునా వరస మొత్తం గడ్డాలు దించుకుని, కొంగులూ చున్నీలూ నొక్కిపట్టి, గుడి ముందు నిలబడ్డంత బుద్ధిగా నిలబడింది. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడొద్దన్నారు కదా.

సెక్రటరీకి అర్థం కాలేదు. "ఏమైంది మేడమ్, అందరికీ చలిగా ఉందా?" అని పెద్దమ్మనే అడిగాడు.

"ఊఁ," అంది పెద్దమ్మ. నోరు తెరిస్తే అంచు జారిపోతుంది.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మళ్ళీ సరిగ్గా నిలబడ్డాను. నా గడ్డం కింద గుడ్డ ముక్క లేకపోతేనేం, రెయిలింగు నిండా అంచులే. గాలి పీల్చాను. గడ్డం దించాను. మునుగుతుంటే అమ్మమ్మ పిలిచింది, పిలవకుండా ఉండదు ఆవిడ. ఊఁ అని ఆవిడకే జవాబు చెప్పాను. వస్తున్నా, ఒక్క చుట్టు తిరిగి వస్తున్నా. బుడగలు చెంపలు రాసుకుంటూ పైకి వెళ్ళాయి. పాదాలు నేలకి తగిలాయి. లేచి కళ్ళు తుడుచుకుంటే, మునిగేటప్పుడు చూసిన సెక్రటరీ బూట్లే సరిగ్గా ఎదురుగా ఉన్నాయి.

పెద్దమనిషి కాస్త ఇబ్బందిగా మొహం పెట్టాడు. "సారీ అమ్మా, నేను ఆ లేడీస్ ఏం చేస్తున్నారా అని చూస్తున్నాను. ఇంకోసారి చేస్తారా?"

చేశాను. సరిగ్గా అక్కడే, అటే చూస్తూ లేచాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ఇంకోసారి కొట్టాను. అది నాకోసం కొట్టుకున్నది. నా ఉద్యోగంలో నాకోసం చేసుకున్న పని ఏదైనా ఉందంటే ఆ చివరి పల్టీయే. ఇప్పటికీ తలచుకుంటే ఛాతీ పొంగుతుంది.

ఆడవాళ్ళ గంట ఉండిపోయింది. సెక్రటరీ మంచివాడే, మాట తప్పలేదు, సర్టిఫికెట్టు స్వయంగా చేతికిచ్చాడు. తమ్ముడు కూడా అన్నంత పనీ చేశాడు. కమిటీతో వాదించి పొద్దున్నే ఇంకో గంట తన కుర్రాళ్ళకి తీసుకున్నాడు. ఆ గంట కోసం తెల్లారకముందే లేవాల్సి వస్తోందని, దీనంతటికీ కారణం నేనేనని ఇప్పటికీ సాధిస్తుంటాడు.

బ్యాచ్‌లో ప్రతి ఒక్కరికీ పల్టీ నేర్పాను. అడిగినా అడగకపోయినా నేర్పాను. బ్యాంకావిడకి వారంలో వచ్చేసింది. పెద్దమ్మకి నెలలు పట్టింది. ముందు ముక్కు మునగాలి కదా, ఆవిడ ముక్కు మీద నీటి చుక్క పడితేనే ఊరుకునేది కాదు. చివరికి ఓ రోజు నా చెయ్యి పట్టుకుని మునిగింది, మధ్యలో చెయ్యి వదిలేసింది, తిరిగింది. గోడ వైపు చూస్తూ లేచి, గోడకే చెప్పింది. "ముప్పై ఏండ్లకెళ్ళి ఇల్లంత నా మీదనే నిలబడ్డదనుకున్న. గిప్పుడు నేనే తలకిందులైన. ఏం కాలె."

నేను రిటైరయ్యే ముందు జరిగింది ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. తమ్ముడు తన కుర్రాళ్ళకి కూడా పల్టీ ఈ పద్ధతిలోనే నేర్పడం మొదలుపెట్టాడు. చీర మడతపెట్టినట్టు గడ్డం దించమంటే వాళ్ళు తెల్లమొహాలు వేశారట. ఒక్కడికీ చీర మడతపెట్టడం తెలియదు. అయితే ఇంటికెళ్ళి మీ అమ్మల చీరలు మడతపెట్టి రండి, అప్పటిదాకా పల్టీ లేదు అన్నాడట.

రెండు రోజుల తర్వాత, మా బ్యాచ్‌కి గేటు వేసే వేళకి, నాంపల్లి నుంచి ఒకామె ఎండలో నడిచొచ్చింది. గేటు దగ్గరే తమ్ముడిని నిలేసింది.

"సార్, మీరు ఈత నేర్పిస్తున్రా ఇంకేమన్ననా? మావోడు స్కూల్‌కెళ్ళి రాంగనే బీరువ తెరిచి నా చీరలన్ని తీసి మడతబెడుతుండు. ఏంద్రా అంటే ఊఁ అంటుండు, నోరు తెరుస్తలేడు. పరేషాన్ అవుతున్న."

తమ్ముడు నా వైపు చెయ్యి చూపించాడు. "నాకేం తెల్వదు. గామెను అడుగు."

ఆమెని లోపలికి తీసుకెళ్ళాను. మాటలతో చెబితే అర్థం కాదని, కొలను చూపించాను. బ్యాంకావిడ పల్టీ కొట్టి లేచింది. ఆ పక్కన పెద్దమ్మ కొట్టి, ఎటో తిరిగి లేచి, జుట్టు పిండుకుంటూ నవ్వింది. వచ్చినామె చీరల సంగతి మర్చిపోయింది. రెయిలింగు పట్టుకుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

"ఈడ మొగోళ్ళు రారా?" అంది చివరికి.

"మూడింటి దాకా రారు."

"రోజూ ఉంటదా గీ గంట?"

"రోజూ ఉంటుంది," అన్నాను. అలా అనగలిగినందుకు గర్వపడ్డాను, దాచను.

ఆమె చెప్పు విప్పి, కాలి వేళ్ళతో గట్టు అంచున నీళ్ళు తాకి చూసింది. "రేపు రావచ్చా మేడమ్?"

"రా," అన్నాను. "తలకి నూనె మాత్రం పెట్టుకోకు."